మూత తియ్యని సద్దిగిన్నె

డోర్నకల్‌లో శనివారం సాయంత్రం, స్టేషను వెనకాల సందులో మూడో ఇల్లు. జైపాల్ పీట మీద కూర్చొని అన్నంలో కోడికూర కలుపుకున్నాడు. అతని భార్య రూతు వడ్డించిన గరిటె చేతిలోనే పట్టుకొని ఎదురుగా కూర్చుంది. రూతు గరిటె కింద పెట్టలేదంటే ఏదో ఉందన్నమాటేనని ఆ ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. తెలియనిది జైపాల్‌ ఒక్కడికే.

"ఎట్లున్నది?"

"ఏది?"

"కూర."

"ఉన్నది."

"గిన్నెల ఉన్నదని నాకు కనబడ్తలేదా? ఎట్లున్నది అంటున్న."

"కోపం జెయ్యనంటె చెప్త."

"నేనెప్పుడన్న కోపం జేసిన్నా?"

"గరిటె కింద పెట్టు, చెప్త."

"పెట్టిన. చెప్పు."

"గిది కూరనా రూతూ? కోడి బాయిల పడి సచ్చినట్టున్నది. ఉప్పేమో ముందుగాల ఉరికొచ్చింది, కారమేమో ఇంకా బయలెల్లలే. ముక్క కొరికితె మల్లా కూత పెట్టేటట్టున్నది."

"అంత బాగలేదా?"

"నువ్వే జర నోట్ల ఏసుకొని చూడు."

"నాకొద్దు. నేను పుంటికూర తొక్కుతోని తిన్న. మరి యాడ బాగుంటదో చెప్పు. లోకమంత తిరిగిన నోరు గదా నీది."

"అడిగినవ్ కాబట్టి చెప్తున్న. సర్వపిండి అంటె జనగామ. మా అక్కోళ్ల ఇంటికి పోయే సందుల ఒక అవ్వ గిన్నెకు ఒత్తి కాలుస్తది సూడు, అంచు పటపటమంటది, నడుమ మెత్తగ ఉంటది. మిర్చి బజ్జి అంటె మానుకోట, రైలుగేటు అవతల బండి. చాయ్ అంటె మన స్టేషను. రైలు రెండు గంటలు లేటయినా నాకు ఫికరుండదు."

"కూర?"

"కూర అంటె..."

"చెప్పు. గరిటె కిందనే ఉన్నది."

"మరిపెడ. గట్టమ్మ హోటల్ల స్పెషల్ కూర. దాని ముందర ఏదీ ఆగది."

"ఓహో. నువ్వు పని జేసేది మరిపెడల విత్తనాల దుకాణం. పొద్దుగాల అయిదింటికి లేసి నేను సద్ది కట్టిస్త. గట్టమ్మ హోటల్ల నీకేం పని?"

"ఒక్కనాడు తిన్న."

"ఒక్కనాడేనా?"

"ఒకటి రెండు సార్లు."

"ఒకటి రెండు సార్లు తింటె ఇంత పాట వస్తదా? ఎప్పటిసంది?"

"నాట్లప్పటి సంది."

"నాట్లప్పటి సందా! కోతలు గూడ అయిపోయినయ్ గదయ్యా!"

"టైము ఊకె ఉరుకుతది రూతూ."

"మరి నా సద్ది?"

"సద్దికేమైంది? మంచిగనే ఉన్నది."

"నిన్న సద్దిల ఏముండె?"

"బువ్వ."

"బువ్వతోని?"

"కూర."

"ఏం కూర?"

"మంచి కూర."

"నువ్వు మూత గూడ తియ్యలే."

"ఎవలు చెప్పిండ్రు?"

"గిన్నె చెప్పింది. పదకొండేండ్ల సంసారంల నువ్వు ఒక్క చెంచ కడిగినోనివి కాదు. గీ నాలుగు నెలల సంది నా సద్దిగిన్నె తళతళ మెరుసుకుంట వస్తున్నది. పైంగ ఒట్టిగ వస్తలేదు. సోమారం పిడికెడు నువ్వులు. మంగళారం రెండు నిమ్మకాయలు. తెల్లారి బెల్లం ముక్క."

"నేనే కొన్న. ఇంటికి పనికొస్తయని."

"కరివేపాకు తెమ్మంటె వేపకొమ్మ ఇరుసుకొచ్చిన మనిషివి. నువ్వు నువ్వులు కొన్నవా?"

"మనిషి మారొద్దా?"

"ఇయ్యాల గిన్నెల ఏమొచ్చిందో చెప్పు మరి. నువ్వే కొంటివి గదా."

"ఇయ్యాల... ఇయ్యాల..."

"పోయేటప్పుడు మూత తియ్యవ్, వచ్చేటప్పుడు మూత తియ్యవ్. పక్కోళ్ల గిన్నె ఒట్టిగ పంపొద్దని ఆడోళ్లకు ఎర్కుంటది. మొగోళ్లకు గిన్నె ఇంటికి తేవాల్నని గూడ ఎర్కుండది. ఎవలయ్యా ఆమె?"

"ఏ ఆమె?"

"నా గిన్నె తోముతున్న ఆమె."

"ఛీ ఛీ. నువ్వనుకునేటిది ఏం లేదు."

"నేనేమనుకుంటున్న?"

"ఏమో, నీ మొఖం చూస్తె గట్లనే అనుకుంటున్నట్టున్నది. గట్టమ్మనే, రూతూ! అరవై ఏండ్ల మనిషి. పొద్దుగాల పోంగనే సద్దిగిన్నె ఆమె గల్లా కాడ పెట్టి, ‘అక్కా, ఆకలిగొన్నోళ్లు ఎవలన్న వస్తె పెట్టు’ అంట. దేవుడు మెచ్చే పనే గదా?"

"దేవుడు మెచ్చుతడు. నేను మెచ్చొద్దా? నా చేతి కూర ఊరోళ్లకు పంచి నువ్వు హోటల్ల కూసుంటవా?"

"దోస్తులందరు గాడ్నే తింటరు. నేనొక్కన్ని గిన్నె విప్పుకొని మూలకు కూసుంటె బాగుంటదా?"

"అందుకేనా కమిటీల లేసి నిలబడ్డవ్?"

"ఏ కమిటీ?"

"చర్చి కమిటీ. కోతల పండుగ విందు కూర ఈసారి హోటలోళ్లకిద్దాం, ఇంటోళ్ల చేతులల్ల రుచి పోయింది అన్నవంట. గట్టమ్మకిద్దాం అన్నవంట. కమిటీల ఉన్న కళ్యాణి వదిన అంత చెప్పింది."

"నేను ఇంటోళ్లు అన్న గని నీ పేరు తియ్యలే."

"ఇంటోళ్లంటె ఎవలయ్యా? తొమ్మిదేండ్ల సంది ఆ కూర వండేది నేనొక్కదాన్నే గదా! మూడొందల మంది తిని, ఇది రూతు చేతిదని చెప్పుకునేది ఏడాదికి ఒక్క పూట. ఆ ఒక్క పూటకోసం నేను ఎండకాలం సంది చింతచిగురు ఎండబెట్టి దాస్త. ఆ పూటను నువ్వు తీసుకపోయి వేరేటోళ్ల చేతుల పెడ్తివి. నాకెంత బాధయితదో ఒక్కసారన్న అనుకున్నవా? రెండు దినాలు నాకు బువ్వ దిగలే."

"ఏడ్వకు రూతూ."

"ఏడుస్తలేను. ఉల్లిగడ్డ."

"ఉల్లిగడ్డ యాడున్నది?"

"ఉన్నదనుకో."

"నువ్వు గట్ల మనసుల పెట్టుకోకు. నువ్వొక్కసారి ఆ స్పెషల్ తింటె నువ్వే ఒప్పుకుంటవ్. కోడికూరల ఎండు చింతచిగురు నలిపి ఏస్తది చూడూ..."

"ఏమేస్తది?"

"ఎండు చింతచిగురు. ధనియాలు మాడీ మాడకుండ ఏయిస్తది. ఎల్లిపాయలు పొట్టుతోనే ఏస్తది. పులుసంత గుంజుకొని అవి గిట్ల మెత్తగయితయ్. ఒక్కొక్కటి చీకుతుంటె, దుకాణంల యూరియ కోసం ఎవలు కొట్లాడుకుంటున్నా నాకు ఇనబడది."

"నేను పొట్టుతోని ఏస్తె బద్దకం అంటవ్ గదా?"

"నీది బద్దకం. ఆమెది వండే తరీక."

"ఓహో, తరీక. శుక్రారం ఏం స్పెషల్?"

"సొరకాయ, ఎండు రొయ్యలు."

"గురువారం?"

"కోడిగుడ్డు పులుసు. నువ్వులు నూరి పోసింది. అబ్బ!"

"నువ్వులా? మంచిది. ఎంతమందికి పెడ్తదేంది ఆ స్పెషల్?"

"నా ఒక్కనికే. నేనంటె ఆమెకు మస్తు అభిమానం. పక్కోళ్లు ఎంత అడిగినా అయిపోయిందంటది."

"ఒక్క ప్లేటే వండుతదా?"

"పెద్ద పెద్ద వంటోళ్లు గంతే. తక్కువ వండుతరు."

"ఫోన్ చెయ్యి."

"ఎవలకు?"

"గట్టమ్మకు. మూడొందల మందికి వండే మనిషితోని నేనొకసారి మాట్లాడొద్దా? స్పీకరు పెట్టు. సప్పుడు చెయ్యకుంట నేను పక్కకు కూసుంట."

"నువ్వు సప్పుడు చెయ్యకుంట కూసుంటవా?"

"గరిటె తియ్యాల్నా?"

"చేస్తున్న, చేస్తున్న. రింగయితున్నది."

"అలో! జైపాల్ తమ్మీ! నేనే చేద్దామనుకుంటున్న. ఆ పండుగ ఆర్డరు నాతోని కాదయ్యా."

"గదేంది గట్టమ్మక్కా! కమిటీల అందరికి చెప్పిన. నా ఇజ్జత్ పోతది."

"నువ్వు ఆ స్పెషలే కావాలంటివి. మూడొందల మందికంటివి. మీ ఇంటామెను అడిగితివా?"

"మా ఇంటామెతోని ఏం పని?"

"వండేది ఆమెనే గదయ్యా."

"ఏందీ?"

"మొదటి దినం నేను వండింది పెట్టిన. ‘గిది కూరనా అక్కా’ అని చెయ్యి కడుక్కున్నవ్. నాకు కాలింది. తెల్లారి నువ్వు గల్లా కాడ పెట్టిపోయిన గిన్నె మూత తీసి, అండ్లదే నీ ప్లేట్ల ఏసిన. నీ ఇంటి కూరకు గూడ వంక పెడ్తవా లేదా చూద్దామని. నువ్వు వేళ్లు నాకినవ్. ఇగ నాటి సంది గదే. బువ్వ నేను తింటున్న, కూర నీకు పెడ్తున్న."

"నాకు చెప్పొద్దా అక్కా?"

"చెప్దామనే నోరు తెరుస్త. గంతలనే నువ్వు ‘మా ఇంట్ల గిట్ల ఒక్కనాడు వండలే’ అంటవ్. నలుగురు ఇంటుంటరు. నా హోటల్‌కు పేరొస్తుంటె నేనెందుకు చెప్త?"

"అంటె నా కూర నాకే అమ్మినవా?"

"అమ్మిన. కాదంటలేను. గందుకే ఆ తల్లి గిన్నె ఒక్కనాడు ఒట్టిగ పంపలే. చేతికి ఏది దొరికితె అది ఏసి పంపిన."

"అక్కా, నేను రూతును."

"వామ్మో, చెల్లె! ఇంటున్నవా? నీ చేతులు సల్లగుండ! కోపం జెయ్యకు తల్లీ."

"నీ మీద నాకేం కోపం అక్కా? నా గిన్నె మూత తీసినదానివి నువ్వొక్కదానివే."

"అడగొద్దు గని అడుగుత. ఆ చింతచిగురు నల్లబడకుంట ఎట్ల ఎండబెడ్తవే?"

"నీడకు ఆరబెట్టాలె. ఎండకు పెడ్తె ఆగమయితది."

"గదీ! నేను డాబా మీద ఏసి ఆగం జేసుకున్న. మరి ధనియాలు?"

"సన్నపు మంట. వాసన రాంగనే దింపుడే."

"నేను ఈడ్నే ఉన్న. మీరిద్దరు జర ఆగుతరా?"

"నువ్వు ఊకో. అక్కా, లైన్ల ఉండు, పెట్టెయ్యకు. ఈయనతోని ఒక్క ముచ్చట తేల్చుకుంట. ఏమయ్యా, రేపు ఆరాధన అయినంక కమిటీ ముందర నిలబడి ఏమంటవ్?"

"విందు కూర రూతునే వండాలె అంట."

"గంతేనా?"

"నాలుగు నెలల సంది నేను పొగిడింది రూతు చేతి కూరనే అంట."

"ఇంకా?"

"ఇంకేముంది?"

"మూత."

"మూత తియ్యలేదని గూడ చెప్పాల్నా? జైపాల్‌కు తన ఇంటి కూర ఎర్కలేదని ఊరంత నవ్వరా?"

"నవ్వుతరు. తొమ్మిదేండ్లు నా కూర తిన్నోళ్ల ముందర ఇంటోళ్ల చేతుల రుచి పోయిందన్నవ్ గదా, ఆ మాట తిరిగి రావాల్నంటె నువ్వు జర నవ్వులపాలు కావాలె."

"సరే. చెప్త. ఎల్లిపాయల పొట్టు గూడ నేనే తీస్త. పది కిలోలైనా సరే."

"పొట్టుతోనే ఏస్త. అది నా తరీక."

"ఔ ఔ, తరీకనే. నీకొక్కటి నిజం చెప్పాల్నా రూతూ? నీ చెయ్యి గొప్పదని లోపల్లోపల నాకు ఎర్కనే. మోసపోయింది నేను గని నా నాలిక మోసపోలే. గల్లా కాడ పెట్టినా, ప్లేట్ల మార్చి పెట్టినా, రుచి పట్టేసింది గదా!"

"గదొక్కటి ఒప్పుకుంట. నాలిక మంచిదే."

"ఒప్పుకున్నవ్ గదా? మరి ఒక్క మాట అడుగుత, కోపం జెయ్యొద్దు."

"అడుగు."

"గంత మంచి చెయ్యి పెట్టుకొని, ఇయ్యాల గీ కోడికూర ఎందుకు గిట్ల తగలబెట్టినవే? కుక్కకేస్తె మన దిక్కు చూసి, ‘మీరే తినుండ్రి’ అంటది."

"జర గట్టిగ చెప్పు."

"కుక్క గూడ ముట్టది అంటున్న! ఎందుకు గట్టిగ?"

"ఫోన్ ఇంకా పెట్టలే. గట్టమ్మక్కా, ఇన్నవా?"

"ఇన్న చెల్లె, మంచిగ ఇన్న. ఇయ్యాల గిరాకి ఎక్కువుండి, గిన్నెల ఎయ్యనీకి నువ్వులో నిమ్మకాయలో ఎతికే తీరిక లేకుండె. ఒట్టిగ పంపొద్దని, నేను వండిన కోడికూరనే నింపి ఆయన చేతులనే పెట్టిన."