శాలువా కప్పాల్సిన పిల్ల

వంటింటి మాట బయటికెలా పోయింది? పోతే పోయింది, బాధ అది కాదేమో. చెప్పిన మనిషెవరో మనసుకు ముందే తెలిసిపోయింది, నోటికి మాత్రం ఇంకా తెలియనట్టే ఉంది. కర్నూలు దగ్గరి ఆ విశ్వవిద్యాలయంలో సన్మానాల రోజు. ఆడిటోరియం వెనకగదిలో శాలువా ఒళ్లో పెట్టుకుని కూచున్న శిరీన్, అద్దం ముందు చీర సర్దుకుంటున్న హాస్టల్ వార్డెన్ రెజీనా వీపు వైపే చూస్తూ ఉంది.

"ఏమ్మే శిరీనూ, ఆ పిన్నీసు ఇటియ్యి. మూగదాని మాదిరి కూచున్నావేమి?"

"ఇంద అక్కా."

"భుజం కాడ కుచ్చిళ్లు సరిగ్గా ఉండాయా? ఫోటోలు తీస్తారంట. ఉత్తమ వార్డెన్ అంటే ఏదో కాగితం ముక్క చేతిలో పెడతారనుకుంటి. ఇంత హడావుడి ఉంటాదని నాకేం తెలుసు?"

"బాగుండాయి."

"చూడు, చేతులు పైకెత్తి కప్పాల శాలువా. గొంతుకు చుట్టొద్దు. హాస్టల్ పిల్లతో కప్పించుకునేది ఈడ రివాజు గదా, ఎవురు కావాలని అడిగితే నీ పేరే చెప్తి."

"నా పేరు నువ్వే చెప్తివా?"

"ఇంకెవురు చెప్తారు?"

"నేనూ అదే అనుకుంటాండా అక్కా. ఇంకెవురు చెప్తారు అని."

"ఏందే ఆ మాట?"

"ఏంల్యా. మా అమ్మ వచ్చిండాది. ఆత్మకూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి. రెండో వరసలో కూచోనుండాది."

"మాబున్నీసక్క వచ్చిందా! మంచిపని."

"ఉత్తమ విద్యార్థిని మెడల్ నాకే అని పోయిన వారం చెప్పినారు గదా. ఆ సంతోషంలో వచ్చింది. నా పేరు తీసేసినారని నేనింకా చెప్పల్యా."

"అయ్యో. నాతో అన్నా చెప్పల్యా నువ్వు?"

"నీకు తెలీదా?"

"ఏదో... ఆఫీసులో అనుకుంటాంటే చెవిన పడింది. పోనీలే, వచ్చే సంవత్సరం..."

"నాది ఆఖరి సంవత్సరం అక్కా."

"ఆ, ఔ గదా. ఈ పిన్నీసు యాడ పోయింది?"

"నీ చేతిలోనే ఉండాది."

"మేడం! తలుపు బయట నేను, ఆఫీసు ఓబులేష్ని. ఈ డ్యాన్సు అయిపోతానే మీదే. తయారుగా ఉండండి!"

"వస్తాండా ఓబులేష్ సారూ!... శిరీనూ, ఏమట్ల చూస్తాండావు?"

"రిజిస్ట్రారు సారు నన్ను పిలిపిచ్చినారక్కా. హాస్టల్లో నీళ్లు ల్యా అని చేసిన గలాటాకు ముందర నడిచింది నువ్వే, అట్లాంటి పిల్లకు మెడల్ ఇస్తే రేపు అందరూ రోడ్డెక్కుతారు అన్నారు."

"పెద్దోళ్లు అట్లనే అంటారు. ఆ గలాటా వల్లనే గదా బోరు వేసినారు. ఇప్పుడు ఆడపిల్లలందరూ తలకు పోసుకుంటాండారు. అది చూడు నువ్వు."

"ఆ నీళ్లు తెప్పిచ్చినావనే నీకు సన్మానం."

"ఎత్తిపొడుస్తాండావా?"

"ల్యా. సారు ఇంకో మాట అన్నారు. బకెట్లు బోర్లేసుకుని ఆఫీసు ముందర కూచునే తెలివి నీదేనంట గదా, వార్డెన్ వంటింట్లో కూచుని చెప్పినావంట, ఆమె వద్దని బతిమాలినా వినల్యా అంట, అని."

"సారు అట్లన్నారా?"

"ఆ తెలివి ఎవురిదక్కా?"

"ఇప్పుడెందుకే అదంతా?"

"చాయ్ పోస్తా చెప్పినావు. నిలబడితే ఎండకు పడిపోతారు, ఎట్లా బకెట్లు ఖాళీగానే ఉండాయి, బోర్లేసుకుని వాటి మీదనే కూచోండి, ఎవురొచ్చి లేపుతారో చూద్దాం అని. నువ్వే నవ్వినావు గూడా. నీ పేరు బయటికి రానీయనని నీ చెయ్యి పట్టుకుని చెప్తి."

"గట్టిగా మాట్లాడొద్దు."

"ఆ పొద్దు మనం ఇద్దరమే ఉంటిమి."

"కిటికీ కాడ ఎవురన్నా విన్నారేమో."

"విన్నోళ్లయితే ఆ తెలివి నీదనే చెప్పింటారు. నాదని ఎట్ల చెప్తారు?"

"కుచ్చిళ్లు మళ్లా జారినట్టుండాయి, చూడు."

"కాదని చెప్పక్కా. నేను చెప్పల్యా అని ఒక్క మాట అను చాలు. నమ్ముతా. సారే అబద్ధం ఆడినాడనుకుంటా."

"నాది కాంట్రాక్టు ఉద్యోగమే, శిరీనూ."

"నేనడిగింది అది కాదు."

"లోపలికి పిలిచి తలుపేసి అడిగినారే! ఎవురి పేరు చెప్పమంటావు, నా పేరా? పొమ్మంటే మా రాజంపేటకు పోయి ఏం చేసుకుని బతకాల? నువ్వు బాగా చదివే పిల్లవి, నాలుగు తిట్టి ఇడిసిపెడతారనుకుంటి. మెడల్ తీసేస్తారని తెలీదు. యేసయ్య సాక్షిగా తెలీదు."

"నీకు సన్మానం అన్నప్పుడు గూడా తెలీదా?"

"డ్యాన్సు అయిపోవచ్చింది, లెయ్యి."

"నేను బకెట్టు మీద కూచున్నప్పుడు నువ్వు మేడ మీద కిటికీలో నిలబడి చూస్తాంటివి. మా అక్క ఉండాదిలే అనుకుంటి. ఎండ గూడా తెలీల్యా నాకు."

"ఏడుస్తాండావా?"

"ల్యా."

"మేడం, పిలుస్తాండారు! శాలువా కప్పే అమ్మాయి యాడ?"

"ఈడే ఉండాది సారూ, వస్తాండాం!... రా బంగారూ, నడువు. మొగం అట్ల పెట్టొద్దు, అందరూ చూస్తారు. నువ్వు స్టేజీ మీద కనపడితే మీ అమ్మకు గూడా సంతోషం."

"ఇటు తిరగండి."

"ఏమంటివి శిరీనూ?"

"ఇటు తిరగండి. కొంచెం తల వంచండి."

"ఏయ్, ఈడ ఎందుకు కప్పుతాండావు? స్టేజీ మీద గదా!"

"చేతులు పైకెత్తి కప్పమంటిరి గదా. సరిగ్గా ఉండాదా?"

"శిరీనూ, యాడికి పోతాండావు? ఈ మూలగదిలో కప్పితే ఎవురు చూసినారే?"

"ఆ పొద్దు మీ వంటింట్లో గూడా ఎవురూ చూడల్యా, మేడం."