కొండకి పడవ

సైనిక యూనిట్‌లో స్టోరు గది. కొత్తగా వచ్చిన కెప్టెన్ ఒకామె, స్టోరు చూసే ముసలి సార్జెంట్. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు.

"ఎంత పని చేశారు కెప్టెన్ గారూ. పన్ను పీకించుకోడానికి ఊరెళ్ళి నెల రోజులు సెలవులో ఉంటే, నేనొచ్చేసరికి కొంప ముంచారు."

"కొంప ముంచడమేంటి బాబాయ్? కుర్రాళ్ళ కొండ శిక్షణకి డబ్బు మంజూరైంది. యూనిట్ అంతా గంతులేస్తోంది, మీరొక్కరే దవడ పట్టుకుని కూర్చున్నారు."

"దవడ నొప్పి."

"నొప్పి దవడదేనా?"

"దవడదే. అది కాదమ్మా, నా అంచనా కాగితం మార్చమని మీకెవరు చెప్పారు? ఏటా నేనే రాస్తాను, ఏటా కల్నల్ గారే సంతకం పెడతారు, ఏటా హెడ్‌క్వార్టర్స్ వాళ్ళు..."

"ఏటా తిప్పి పంపిస్తారు. పంపించరా మరి? కొండెక్కడానికి పడవ అడిగారు మీరు."

"వరదొస్తేనో?"

"కొండ మీదికా?"

"వానల్ని నమ్మకూడదు."

"పదహారు గాడిదలు అడిగారు."

"సామాను మొయ్యద్దూ?"

"ఆ గాడిదలకి చలికోట్లు కూడా అడిగారు బాబాయ్."

"మూగజీవాలమ్మా. నోరు తెరిచి అడగలేవు కదా."

"నేను పడవ తీసేశాను, గాడిదల్ని తీసేశాను. తాళ్ళు, హెల్మెట్లు, డేరాలు, ఒక బస్సు, ఒక డాక్టరు, ఎక్కడం నేర్పే మనిషి ఒకాయన. అంతే రాశాను. ఎప్పట్లా మీ కాగితమే అనుకుని కల్నల్ గారు చదవకుండా సంతకం పెట్టేశారు. ఖర్చులో సగం మేమే పెట్టుకుంటామన్నాను. సగం మేం పెడతామంటే కాదనడానికి వాళ్ళకి నోరెలా వస్తుంది?"

"ఆ సగం ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"కుర్రాళ్ళు ఆదివారాలు బయటివాళ్ళ కార్లు కడిగారు. మీ స్కూటరు కూడా కడిగారట. మీరు డబ్బులివ్వకుండా వెళ్ళిపోయారట."

"చక్రాలు సరిగ్గా కడగలేదు."

"మాట తప్పించకండి బాబాయ్. ఇవాళ సాయంత్రంలోగా మంజూరు కాగితం మీద కల్నల్ గారి సంతకం పడకపోతే ఆ డబ్బు వెనక్కి పోతుంది. 'ముందు పెద్దాయన్ని సంతకం పెట్టమను, తర్వాత చూద్దాం' అంటారాయన. తాళ్ళు బాగున్నాయని మీరొక్క ముక్క రాస్తే చాలు."

"తాళ్ళు పాతవి."

"కుర్రాళ్ళు కూడబెట్టిన డబ్బుతో కొన్న కొత్తవి నిన్ననే వచ్చాయి. వాటి మీదే కూర్చున్నారు మీరు."

"కొత్తవా? కొత్తవాటిని అసలు నమ్మకూడదు."

"పాతవైతే తెగుతాయి, కొత్తవైతే నమ్మకూడదు. మీరు ఎవరికో అత్తగారు అవ్వాల్సినవారు బాబాయ్."

"నవ్వండి. ఇల్లలకగానే పండగ కాదు. ఆ మంజూరు కాగితం కింద ఏం రాశారో చదివారా?"

"చదివాను. యూనిట్ పెద్ద అధికారి తనే ముందు కొండెక్కాలి. స్టోరు సార్జెంట్ పైన నిలబడి తాళ్ళు సరిచూడాలి. ఎప్పట్నుంచో ఉన్నదే, మంచి నియమం. పెద్దవాళ్ళు ఎక్కితే పిల్లలకి ధైర్యం."

"ఆ మంచి నియమమే ప్రాణం తీస్తుంది."

"ఎవరి ప్రాణం?"

"ఎవరిదో ఒకరిది."

"బాబాయ్."

"ఏంటమ్మా."

"మీరు ఏదో దాస్తున్నారు."

"తలుపు వెయ్యండి. ఇది ఈ గది దాటకూడదు. మీ నోట్లో నువ్వుగింజ నానుతుందా?"

"నానుతుంది."

"ఒట్టెయ్యండి."

"ఒట్టు. చెప్పండి."

"మన కల్నల్ గారికి ఎత్తంటే భయం."

"ఆయనకా? ఆయన మీసం చూస్తేనే నాకు భయమేస్తుంది."

"మీసం వెనకాల మనిషే ఉంటాడు కదమ్మా. అప్పుడాయన కొత్త లెఫ్టినెంటు, నేను మామూలు సిపాయిని. ఇద్దర్నీ ఒకే తాటికి కట్టి కొండెక్కమన్నారు. సగం ఎక్కాక ఓ రాతి అంచు మీద కూలబడిపోయారు. కదిలితే ఒట్టు. పొద్దుగూకే దాకా పక్కన కూర్చుని ఆయన్ని మాటల్లో పెట్టాను. ఇంకేం కబుర్లు తోచక, మా ఆవిడ నా మీద విసిరిన సామానంతా వరసగా చెప్పాను. చివరికి మెల్లిగా దింపాను. ఇప్పటిదాకా ఒక్కరికీ చెప్పలేదు."

"అంటే ఆ పడవ..."

"ఆయన కోసమే."

"గాడిదలు?"

"అవీ ఆయన కోసమే. పాము చావకూడదు, కర్ర విరక్కూడదు. అడగలేదని ఎవరూ అనకూడదు, అడిగింది రాకూడదు. ఏటా కొత్తగా ఆలోచించాలంటే ఎంత కష్టమో మీకేం తెలుసు? వచ్చే ఏడాదికి ఏనుగు అనుకున్నాను."

"బాబాయ్, మీ మనసు మంచిది. కానీ కుర్రాళ్ళ సంగతేంటి? ఈ గేటు, ఈ బారక్‌లు, ఈ పెరేడ్ మైదానం తప్ప వాళ్ళేం చూశారు? మొన్న నీళ్ళ ట్యాంకెక్కి ప్రాక్టీసు చేస్తూ దొరికిపోయి శిక్ష కూడా పడింది. ఈసారి తీసుకెళ్తానని నేను మాటిచ్చాను. లేదంటే రేపు వాళ్ళ మొహాలు ఎలా చూడను?"

"నాకు మాత్రం లేదా ఆ బాధ? కానీ ఆయన పరువు... బూట్ల చప్పుడు. ఆయనే. నేనేం చెప్పలేదు, మీరేం వినలేదు."

"ఏంటి, తలుపులేసుకుని ఇద్దరూ?"

"తాళ్ళు చూస్తున్నాం కల్నల్ సార్."

"తేలు కుట్టిన దొంగల్లా ఉన్నారు. పెద్దాయనా, క్యాంటీన్‌కెళ్ళి టీ పట్టుకురా."

"ఎవర్నైనా పంపిస్తాను సార్."

"నువ్వే వెళ్ళు."

"అలాగే సార్."

"వెళ్ళాడా?"

"వెళ్ళారు సార్."

"కూర్చో కెప్టెన్. నీ కష్టం నాకు తెలుసమ్మా. కుర్రాళ్ళ కష్టమూ తెలుసు, నా జీపు కూడా వాళ్ళే కడిగారు. కానీ నేను సంతకం పెట్టలేను."

"తెలుసు సార్."

"ఏం తెలుసు?"

"ఏం తెలీదు సార్."

"ఇది నీ కడుపులోనే పెట్టుకో. పెద్దాయనకి ఎత్తంటే భయం."

"ఎవరికి సార్?"

"ఇప్పుడు టీకి వెళ్ళాడే, వాడికి. ఎప్పటి మాటో. ఇద్దరం ఒకే తాటి మీద ఉన్నాం. ఓ రాతి అంచు మీద కూలబడ్డాడు. భయంతో ఒకటే వాగుడు. పెళ్ళాం ఏమేం విసిరిందో మొత్తం చెప్పాడు. గరిటెలు అయ్యి చెంబుల దగ్గరికొచ్చేసరికి పొద్దుగూకింది. ఓపిగ్గా విని, నేనే దింపాను."

"మీరే దింపారా సార్?"

"నేనే. అందుకే ఏటా వాడేం రాసినా కళ్ళు మూసుకుని సంతకం పెడతాను. హెడ్‌క్వార్టర్స్‌లో నన్నేమంటారో తెలుసా? గాడిదల కల్నల్ అంటారు."

"విన్నాను సార్."

"విన్నావా?"

"వినలేదు సార్."

"అయినా భరించాను. అలాంటివాడు మళ్ళీ దొరకడు కెప్టెన్. ఆ ముసలాణ్ణి తీసుకెళ్ళి కొండ పైన నిలబెట్టమంటే నాకు మనసొప్పదు."

"టీ సార్. కెప్టెన్ గారూ, మీకు చక్కెర తక్కువ. ఏంటి, ఇద్దరూ నావైపలా చూస్తున్నారు?"

"బాబాయ్, టీ అక్కడ పెట్టి కూర్చోండి. కల్నల్ సార్, నన్ను తర్వాత తిట్టుకోండి. ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నాను. సార్‌కి ఎత్తంటే భయమని బాబాయ్ అంటున్నారు. బాబాయ్‌కి ఎత్తంటే భయమని సార్ అంటున్నారు."

"నాకు భయమన్నావా పెద్దాయనా?"

"మీరు నన్నన్నారుగా సార్. ముందు కూర్చుంది మీరు."

"నువ్వు పడిపోయేలా ఉన్నావని కూర్చున్నాను."

"మీరు కూర్చున్నారని నేను కూర్చున్నాను."

"నీ కాళ్ళు వణికాయి. నేను చూశాను."

"ఒకే తాడు సార్. మీరు వణికితే నాదాకా రాదా?"

"అయితే ఇన్నేళ్ళూ ఆ పడవ..."

"మీ కోసం సార్. మీరు దానికి సంతకం పెట్టింది..."

"నీ కోసమే."

"ఆగండి, ఆగండి. అంటే మీ ఇద్దరికీ భయం లేదన్నమాట."

"నాకు లేదు."

"నాకు అస్సలు లేదమ్మా."

"ఇంకేం మరి. ఇదిగో కలం. సార్, ఇక్కడ. బాబాయ్, మీరు తాళ్ళ దగ్గర."

"ఇప్పుడేనా?"

"సాయంత్రం అవుతోంది సార్."

"నాకు పన్ను నొప్పి..."

"సంతకం చేత్తోనే కదా బాబాయ్."

"పెద్దాయనా, పెడుతున్నావా?"

"మీరు పెడితే పెడతాను సార్."

"ఇదిగో, పెట్టాను."

"అయితే నేనూ పెట్టాను."

"థాంక్యూ సార్. బాబాయ్, మీకు జన్మంతా రుణపడి ఉంటాను. కుర్రాళ్ళకి చెప్పొస్తాను."

"పరిగెత్తకమ్మా, మెట్లున్నాయి."

"రెండే మెట్లు బాబాయ్."

"రెండైనా మెట్లే."

"వెళ్ళిందా?"

"వెళ్ళింది సార్."

"తలుపెయ్యి."

"వేశాను."

"ఆ కేకలు మనవాళ్ళవేనా?"

"మనవాళ్ళవే. ఒకడు సంతోషం పట్టలేక మళ్ళీ ట్యాంకెక్కాడు."

"కిటికీ వైపు చూడకు."

"చూడట్లేదు సార్."

"పెద్దాయనా, ఇక్కడెవరూ లేరు. నిజం చెప్పు."

"మా ఇంట్లో బల్బు మార్చాలంటే మా ఆవిడే స్టూలెక్కుతుంది సార్. నేను కింద స్టూలు పట్టుకుని కళ్ళు మూసుకుంటాను. మరి మీకు?"

"మేడ మీద అంత మంచి ఆఫీసు వదిలేసి కింద గదిలో ఎందుకుంటున్నాననుకున్నావు?"

"మోకాళ్ళన్నారు."

"మోకాళ్ళే. వణుకుతాయి."

"అయ్యో సార్. మరి ఆ రోజు ఎలా దిగాం మనం?"

"నిన్ను దింపాలి కదా అని నేను దిగాను."

"మిమ్మల్ని దింపాలి కదా అని నేను దిగాను."

"టీ చల్లారిపోయింది."

"మళ్ళీ తెస్తాను సార్. దిగడం సరే, ఇప్పుడు ఎక్కడమెలాగ?"

"టీకి వెళ్తూ ఆ అమ్మాయికి ఒక మాట చెప్పు. మనిద్దర్నీ ఒకే తాటికి కట్టమను."