సర్కారు తరఫున మాఫీ అడిగినోడు

సారక్కా, బిడ్డ కవితా, కోరుట్ల నుంచి, ముత్యంపేట నుంచి పనులిడిసిపెట్టి అచ్చిన అన్నలారా, అక్కలారా, అందరికీ దండాలు. సామేలన్న లేడు. గీ మాట అనాల్నంటే నాకు ఇంకా నోరు అస్తలేదు. ఇరవై ఆరేండ్లు మన ఎమ్మార్వో ఆఫీసుల అటెండర్‌గ చేసిన మనిషి, మొన్న మంగళారం జగిత్యాల దవాఖానల గుండె ఆగి కన్నుమూసిండు.

అటెండర్ అంటే ఏంది? సార్లకు చాయ్ తెచ్చుడు, ఫైళ్లు మోసుడు. కని మనకు సర్కారంటే ఎవరు? కలెక్టరా? మంత్రా? కాదు. గేటు కాడ కూసున్న సామేలన్ననే.

2009 డిసెంబర్‌ల ఢిల్లీ నుంచి తెలంగాణ ప్రకటన అచ్చింది. "సర్కారు నోట్లెకెల్లి మాటెల్లింది, ఇగ అయితది" అని కనపడ్డోళ్లందరికి చెప్పిండు సామేలన్న. మనం నమ్మినం. రెండు వారాలకే ఆ మాట ఎనుకకు పోయింది. తెల్లారి ఆఫీసు ముంగట మంది జమైండ్రు. సామేలన్న బయటికచ్చి చేతులు జోడించిండు. "నన్ను సూసి నమ్మిండ్రు. తప్పయింది, మాఫ్ చేయుండ్రి" అన్నడు.

మాట తప్పిందెవరు? మాఫీ అడిగిందెవరు? గా మాట తప్పినందుకు మనల్ని మాఫీ అడిగినోళ్లు ఇంకెవరన్న ఉన్నరా?

2011ల సకల జనుల సమ్మె. సామేలన్న కూడ ఆఫీసు తాళంచెవి అప్పజెప్పి టెంటు కింద కూసున్నడు. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్న. ఇయ్యాల మీ అందరి ముంగట ఒప్పుకుంటున్న. ఒకనాడు పొద్దుగాల కిరోసిన్ డబ్బ పట్టుకొని ఆఫీసు మీదికి పోయింది నేనే. నా ఎంబడి ఇంకో నలుగురు. టెంటు కింది నుంచి ఉరికచ్చి సామేలన్న తలుపుకు అడ్డం నిలవడ్డడు.

"సురేశ్, గిండ్ల మీ నాయిన పట్టా ఉన్నది. మీ వాడకట్టు గంగవ్వ చేను పహాణీ ఉన్నది. సర్కారు మీద కోపముంటే సర్కారును అడుగు. గీ కాయితాలు సర్కారుయి కావు, మనయి."

నేను తోసిన. అన్న మెట్ల మీద పడ్డడు. మోచెయ్యి చీరుకపోయింది. మల్ల లేసి, గక్కడ్నే నిలవడ్డడు. ఇగ నా చెయ్యి లేవలే. డబ్బ కింద పెట్టి, ఆయన ఎంబడి పోయి టెంటు కింద కూసున్న. పోలీసులు అడిగితే "కాలు జారి పడ్డ" అన్నడు. సారక్కా, ఇంట్ల పెండ్లానివి, నీకు కూడ గదే చెప్పిండట. ఆ దెబ్బ ఎట్ల తాకిందో నీకు ఇయ్యాలనే ఎరుకైతున్నది.

పోయిన నెల ఢిల్లీల కేబినెట్ ఒప్పుకున్నదని టీవీల చెప్పిండ్రు. దవాఖాన మంచం మీదున్న అన్నను అడిగిన, "గీసారన్న నమ్ముతవా?" అని. నిమ్మళంగ నవ్విండు. "నమ్ముత సురేశ్. నమ్ముడు బందువెడితే అడుగుడు కూడ బందువెడతం" అన్నడు.

రాష్ట్రం ఇంకా చేతికి రాలే. అన్న సూడకుండనే పోయిండు. మనం సూస్తమా? సూస్తమనే నా నమ్మకం. అచ్చినంక కూడ అడుగుడైతే ఇడువద్దు.

ఇగ అందరు లేవుండ్రి. చెప్పులిడిసి, రెండు నిమిషాలు మాట్లాడకుండ నిలవడుదాం.

కవితా, అమ్మ చెయ్యి పట్టుకో బిడ్డా.