రేడియో కింద పొదిగిన గుడ్లు

భారత యూనియన్ సైన్యం ఎప్పుడొస్తుందోనని సికింద్రాబాద్ అంతా రేడియోలకు చెవులప్పగించిన వానాకాలం అది. బోయిగూడలోని ఆ ఇంట్లో మాత్రం రోసమ్మకు, కోడలు ప్రేమమణికి కోడిగంప దగ్గర పేచీ వచ్చింది.

“రేడియో బల్ల కింద పొదిగే కోడిగంప పెట్టిందెవరు?”

“నేనే అత్తమ్మా. అక్కడ వెచ్చగుంటది.”

“ఆ తరంగాలకు గుడ్లు మురిగిపోతయి. నీ కడుపుల బిడ్డకు సుత మంచిది గాదు.”

“ఉరుములకు గుడ్లు చెడొద్దని మీరు గంపల ఇనుప మేకు ఏసిన్రు గద! తరంగాలకు సుత గదే చాలు.”

“ఎకసెక్కాలొద్దు. గుడ్లల్ల పిల్లలు లేవకుంటే ఆ రేడియో డబ్బా అమ్మేసుడే!”

ప్రేమమణి నవ్వేసింది. కానీ గంప చూసినప్పుడల్లా ఆమె చెయ్యి కడుపు మీదికి పోయేది.

నిజాం సైన్యం లొంగిపోయిందని రేడియో చెప్పిన మర్నాడు గంపలో కిచకిచలు వినబడ్డాయి.

“అత్తమ్మా, జెర ఇటు రాండ్రి!”

“అన్నీ లేచినయా?”

“ఒక్కటి సుత మురగలే!”

“అయ్యో, ఆ నల్లపిల్ల చూడు, రేడియో దిక్కే మెడ చాపుతుంది!”

“వార్తలొచ్చినప్పుడు అచ్చం మీ లెక్కనే!”

మధ్యాహ్నం భోజనానికి ముందు ప్రార్థన ముగియగానే, రోసమ్మ కొడుకు వైపు తిరిగింది.

“ఆర్థరూ, రేడియో ఎటూ పోదు. పుట్టబోయే బిడ్డకు ఉయ్యాల సుత దాని పక్కనే కట్టు. కింద నా మేకు మాత్రం ఉండనియ్యి.”