సబ్బు దిమ్మ మీద ఒక ఖాళీ మూల

అధ్యక్ష స్థానంలో ఉన్న మేనేజరు గారికీ, ఆయన పక్కన ఎన్నడూ లేనంత బుద్ధిగా కూర్చున్న ఇవాళ రిటైరవుతున్న మా యూనియన్ సెక్రటరీ పెద్దన్నకీ, ముందు వరసలో ఉన్న ఆయన ఇల్లాలు మా వదినకీ, రిటైరైపోయినా టీ ఉందంటే చాలు కర్ర పట్టుకుని మరీ వచ్చే పెద్దలకీ, బాయిలింగు, కటింగు, ప్యాకింగు సెక్షన్ల మిత్రులకీ నమస్కారం. (నవ్వులు)

నాకు అయిదు నిమిషాలిచ్చి, నవ్వించి దిగిపొమ్మన్నారు. ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివి, మూడోసారి మేస్టార్ని ఎందుకు బాధపెట్టడమని ఈ సబ్బు ఫ్యాక్టరీలో చేరినవాణ్ణి నేను. నా దగ్గర ప్రసంగాలు ఉండవు, చిలిపి పనులుంటాయి. మేనేజరు గారూ, పోయిన వేసవిలో మీరు కూర్చోబోయినప్పుడల్లా కుర్చీ మిమ్మల్ని కిటికీ దాకా తీసుకెళ్లిందే, దాని చక్రాలకి సబ్బు పూసింది నేనే. (నవ్వులు) ధైర్యం ఉండి చెప్పడం లేదండీ, విచారణ జరపకుండా మనిషిని ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదని పెద్దన్న నేర్పాడు కాబట్టి చెబుతున్నాను.

నిజంగా నాకొచ్చిన చదువంతా ఆయన చెప్పిందే. కటింగు షెడ్డు వెనక ఖాళీ డ్రమ్ముల మీద మమ్మల్ని కూర్చోబెట్టి, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా పాఠం చెప్పేవాడు. "అన్నా, ఎనిమిది గంటలు దాటి పని చేయిస్తే?" అంటే, "దాటిన గంటకి ఎక్కువ కట్టివ్వాల్రా కోతీ, అది వాళ్ల దయ కాదు" అనేవాడు. "నేనొక్కణ్ణే వెళ్లి అడగనా?" అంటే, "ఒక్కడివే వెళితే బతిమాలుకోవడం అవుతుంది, అందరం వెళితే బేరం అవుతుంది, కూర్చో" అనేవాడు. ఒకసారి నేను, "అసలు యజమాని అంటే ఎవరన్నా? మనం వాణ్ణి చూడనే లేదు కదా" అన్నాను. అప్పుడు ఆయన చెప్పింది నాకు మాటకి మాట గుర్తుంది. "జీతం కవరు ఎవడి చేత్తో వచ్చిందో చూడకు. పని ఎవడు చెబుతున్నాడు, పనిముట్టు ఎవడిస్తున్నాడు, బాగా చెయ్యలేదని ఎవడు తిడుతున్నాడు, అది చూడు. వాడేరా యజమాని."

ఇక్కడ ఆపేసి దిగిపోతే నాకు మంచి పేరొచ్చేది.

నాకన్నా ముందు మాట్లాడిన వాళ్లంతా బాణలి సమ్మె గురించి చెప్పారు. వదినకి తెలిసిందే, బయటివాళ్ల కోసం చెబుతున్నాను. సబ్బు ఉడికే ఆ పెద్ద తొట్టిని మేం బాణలి అంటాం. సరుకు దించేశాక దాని గోడలకి తెట్టు కడుతుంది, అది గట్టిపడకముందే, వేడి మీద ఉండగానే, మనిషి నిచ్చెన వేసుకుని లోపలికి దిగి గోకాలి. కాస్టిక్ ఆవిరికి కళ్లు మండుతాయి, కాళ్లకి గోనెలు చుట్టుకున్నా చర్మం ఊడుతుంది. పెద్దన్న పాదాలు అలా కాలాకే ఆ వానాకాలమంతా సమ్మె చేశాం, గెలిచాం, యూనియన్ మెంబరన్నవాడు ఎవడూ ఇక బాణలిలోకి దిగడని ఒప్పందం రాయించుకున్నాం. ఇందాక మీరంతా చప్పట్లు కొట్టింది దానికే, నేనూ కొట్టాను.

అయితే బాణలి ఇవాళ కూడా శుభ్రంగానే ఉంది.

మన ఆనవాయితీ మీకు తెలుసు. ఎవరు రిటైరైనా ఆ రోజు పోసిన సబ్బులో ఒక దిమ్మని కొయ్యకుండా ఉంచి, వెచ్చగా ఉండగానే కలిసి పనిచేసిన ప్రతి ఒక్కరం దాని మీద బొటనవేలు నొక్కి ఇస్తాం. ఎవరూ దాన్ని వాడరు, మా బాబాయి ఒక్కడే ఆరునెలలు బట్టలుతికి మా వేళ్లన్నీ కరిగించేశాడు. (నవ్వులు) ఈ పొద్దున దిమ్మని చెక్క మీద పెట్టుకుని తిప్పే పని నాకు అప్పజెప్పారు. తిప్పుతూ తిప్పుతూ బాణలి దగ్గరికి వచ్చేసరికి, అదిగో, ఇప్పుడు గుమ్మం దగ్గర టీ ట్రే పట్టుకుని నిలబడిందే, ఆ కాంట్రాక్టు అక్క అప్పుడే లోపల్నుంచి పైకి వచ్చింది. కాళ్లకి గోనెలు, మొహమంతా ఎర్రగా. నన్ను చూసి నవ్వి, వేలు చొక్కాకి తుడుచుకుని ముందుకు చాపింది. నేను చెక్కని వెనక్కి లాక్కున్నాను. ఆలోచించి లాక్కోలేదు, చెయ్యి దానంతటదే లాక్కుంది, అదే నాకు ఇంకా సిగ్గుగా ఉంది.

"అక్కా, ఇది మెంబర్లకి" అన్నాను.

"అవునా తమ్ముడూ, సరేలే. గట్టిపడిపోతోంది, తొందరగా తిప్పుకో" అంది.

తిట్టి ఉంటే తిరిగి ఒక జోకు వేసేవాణ్ణి. తిట్టలేదు కాబట్టి, చెక్క పట్టుకుని పక్క సెక్షనుకి తిప్పుకుంటూ పోయాను.

పోయిన వారం ఈ అక్కే మన యూనియన్ గది గుమ్మం దాకా వచ్చింది. ఒకటో తారీఖు నుంచి కొత్త కాంట్రాక్టరు వస్తున్నాడట, తన మనుషుల్ని తెచ్చుకుంటాడట, "మా గురించి ఒక మాట చెప్పండయ్యా" అని అడిగింది. వీళ్లకి నోటీసూ లేదు, విచారణా లేదు. మనం టీ తాగుతూ, "నువ్వు మెంబరువి కాదు కదమ్మా, మీ కాంట్రాక్టర్ని అడుక్కో" అన్నాం. వెళ్తూ వెళ్తూ మన ఖాళీ గ్లాసులు తీసుకెళ్లింది.

పెద్దన్నా, నీ పాఠమే నీకు అప్పజెబుతాను, తప్పుంటే డ్రమ్ము మీద నిలబెట్టు. ఎప్పుడు దిగాలో ఆమెకి చెప్పేదెవరు? మనం. పార ఇచ్చేదెవరు? మన స్టోరు. అడుగున తెట్టు మిగిలిందని తిట్టి, మళ్లీ లోపలికి దింపేదెవరు? నేనన్నా, నేనే. ఆ కాంట్రాక్టర్ని బాణలి పక్కన నేను ఒక్కసారైనా చూడలేదు. మేనేజరు గారూ, మీరు నవ్వకండి, యజమానుల్లో మొదటి కుర్చీ మీదే. పక్క కుర్చీలో మేం ఎప్పుడు కూర్చున్నామో మాకే తెలియలేదు, నేను దాని చక్రాలకి సబ్బు కూడా పూయలేదు. (ఎవరూ నవ్వలేదు)

తల ఎత్తన్నా. నీ పాదాలు కాలిన మాట అబద్ధం కాదు. బాణలిలోంచి మన కాళ్లు తీసుకుని వేరేవాళ్ల కాళ్లు పెట్టి వచ్చాం, ఆ మాట సమ్మె కథలో చెప్పుకోవడం మానేశాం, అంతే.

ఇదిగో దిమ్మ. అంతా గట్టిపడింది. ఈ మూల ఒక్కటి మాత్రం పొద్దున్నుంచీ వేడినీళ్ల గుడ్డ మార్చి మార్చి మెత్తగా ఉంచాను. సైరన్ మోగేదాకా సెక్రటరీ పెద్దన్నే. మెంబరుషిప్పు పర్మనెంటు వాళ్లకే అన్న నియమం మేనేజరు గారు పెట్టింది కాదు, మనకి మనం పెట్టుకున్నది. అందరం ఇక్కడే ఉన్నాం. తీసేద్దామన్నవాళ్లు చేతులెత్తండి.

ఒకటి లేచింది. వదినా, మీరు మెంబరు కాదు! (నవ్వులు) అయినా దించకండి. ఆ... పెద్దన్నది. కటింగు వాళ్లవి కొన్ని, ప్యాకింగు వాళ్లవి దాదాపు అన్నీ. బాయిలింగు వాళ్లు నేల చూస్తున్నారు, నాకూ కాసేపటి కిందటి దాకా అదే పని కాబట్టి ఏమీ అనను. లెక్క చాలినట్టే ఉంది.

అక్కా, ఇలా రా. ఏంటీ? చేతులు తడిగా ఉన్నాయా? మంచిదే, తడి వేలికి సబ్బు అంటుకోదు. పెద్దన్నా, ఆ ట్రే కాస్త నువ్వు అందుకో.

చప్పట్లు వద్దు. ఒకటో తారీఖు పొద్దున అక్కని గేటు బయట ఆపితే, ఇప్పుడు లేచిన చేతుల్లో ఎన్ని అక్కడికి వస్తాయో చూశాక కొట్టుకుందాం. నవ్వించమని పిలిచిన వాళ్లు నన్ను మన్నించకపోయినా ఫరవాలేదు. ఓపిగ్గా విన్నందుకు మీ అందరికీ, పాఠం చెప్పినందుకు పెద్దన్నకీ, పొద్దున నన్ను తిట్టకుండా వదిలేసినందుకు అక్కకీ కృతజ్ఞతలు. నేను పక్కకి జరుగుతున్నాను, దిమ్మ ముందు చోటు ఆమెది. సెలవు.