అయిదు కాళ్ల కప్ప ఎవరిది?

హలో… ఆ, నేనే, మీ వదిననే. చెప్పు మరిదీ… స్కూల్లోనే ఉన్నా, ల్యాబులో బీకర్లు కడుగుతున్నా. ఫోను భుజానికి ఆనించుకున్నా, తొందరగా చెప్పు…

దొంగతనమా? మీ ట్యూషన్ సెంటర్లోనా? … ఏం పోయింది?

… పుస్తకమా.

నువ్వు పుస్తకం రాశావా? … అబ్బే, సంతోషమే. నీ చీటీ చదవాలంటేనే మీ అన్నకి నా సాయం కావాలి, అందుకని అడిగా… దేని మీద? … జీవశాస్త్రం. ఊఁ.

ఎవరు కొట్టేశారు? … పక్క సందు బడిలో సైన్సు టీచరా. జిరాక్సులు తీసి పిల్లలకి ఊరికే పంచిందా… నువ్వేమన్నావు? … లాయర్ నోటీసా. అంతకంటే చిన్నదేదీ దొరకలేదా నీకు? … ఆవిడ హడలిపోయి పిల్లల దగ్గర కాపీలన్నీ వెనక్కి తీసేసుకుందా. సోమవారం పరీక్ష కదయ్యా వాళ్లకి —

సరే, సరే. నీ పుస్తకమేనని రుజువేంటి?

… కప్ప.

ఆవిడ కాపీల్లో కప్పకి అయిదు కాళ్లు. … నీ దాంట్లోనూ అయిదే. … ఇంకెక్కడా ఉండదంటావు.

ఒక్క నిమిషం, చేతులు తుడుచుకోనీ.

మరిదీ, ఆ అయిదోది కాలు కాదు. నేను బొమ్మ గీస్తుంటే మీ అన్న మోచెయ్యి తగిలింది, పెన్ను జారింది. … అవును, నేనే. ఆ పుస్తకం నేనే రాసి నెట్లో పెట్టా, అందరికీ —

ఊరికే దొరికిందా? ఊరికే దొరికితే నీదైపోతుందా? వీధి కుళాయిలో నీళ్లు పట్టుకో, ఎవరొద్దన్నారు. కుళాయికే తాళం వేస్తే ఎలా?

మొదటి పేజీ కిందే రాశాగా. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు. రాసినవాళ్ల పేరు ఉంచాలి. మార్చిందాన్ని కూడా ఇలాగే అందరికీ వదిలెయ్యాలి. … చిన్న అక్షరాలా? మరి నీ అట్ట మీద ఏం వేశావు? … నీ ఫోటో, ‘హక్కులన్నీ మావే’ అనా. నా అక్షరాలు ఆ ఫోటో అంత లేవులే.

నువ్వూ మార్చావా? ఏం మార్చావు? … తిమింగలాన్ని చేపల్లో కలిపావు. … నీళ్లలో ఉంటుందనా. మీ అన్న స్నానానికెళ్తే గంటసేపు నీళ్లలోనే ఉంటాడు, ఆయన్నీ కలపకపోయావా?

నవ్వటంలేదు, విను. ‘హక్కులన్నీ మావే’ అని వేశావు చూడు, అది తీసెయ్. నా పేరు పెట్టు. మార్పులు నీవని విడిగా రాయి, ఆ తిమింగలం నా నెత్తిన పడితే నేను క్లాసులో తలెత్తుకోలేను. ముందు వెళ్లి ఆ టీచరుకి తప్పయిందని చెప్పు…

వెళ్లక్కర్లేదా? ఏం, కాళ్లు నొప్పా?

… ఎదురుగానే కూర్చుందా.

వాళ్ల హెడ్మాస్టరు కూడానా. … పుస్తకం నీదేనని సాక్ష్యం చెప్పించడానికి ఫోను చేశావా నాకు?

మరిదీ, ఫోను స్పీకర్లో ఉందా? … మొదట్నుంచీనా?

…

నమస్కారం టీచరుగారూ… అయ్యో, అడగాలా? ఎన్ని కావాలంటే అన్ని తీయించండి, పిల్లలకి ఇవాళే ఇచ్చెయ్యండి. … పర్లేదండీ, మావాడు మంచివాడే, తొందరపాటు మనిషి, అంతే. ఏం చేస్తున్నాడు? … బల్ల కింద పెన్ను మూత వెతుకుతున్నాడా. చాలాసేపట్నుంచా?

… వెతకనివ్వండి పాపం. పైకొచ్చాక మంచినీళ్లివ్వండి. ఉంటానండీ.