ఆపేవాళ్లు లేని పాట

నా పేరు నక్కా శాలిని. భర్త పేరు ఫిలిప్. నా వయసు ముప్పై రెండేళ్లు. కాపురం విజయవాడ గుణదల. పటమటలో ఒక రక్తపరీక్షల ల్యాబులో రిసెప్షన్‌లో పనిచేస్తాను. ఈ రోజు సాయంత్రం ఆరు గంటలకు స్టేషన్‌లో ఎస్సై రాజేశ్వరి గారు అడగ్గా ఈ వాంగ్మూలం ఇస్తున్నాను. దీన్నే నా ఫిర్యాదుగా తీసుకోవాలి. మా ఆయన పేరు ముందు ‘లేటు’ అని చేర్చాలని రైటర్ గారు అంటున్నారు. పొద్దున ఆయన నా చేత కాలర్ సరిచేయించుకుని బండెక్కాడు. మీ పద్ధతి అదైతే రాసుకోండి.

అన్నిటికన్నా ముందు మీ బల్ల మీదున్న ఆ పెట్టె సంగతి రాయండి. దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యొద్దు, తీగ లాగొద్దు. అది మా ఆయన లూప్ పెడల్, పాడింది పట్టుకుని మళ్లీ మళ్లీ వినిపించేది. ఇప్పుడు కూడా నడుస్తోంది, పక్కనున్న పవర్ బ్యాంకు మీద. దానికి నాలుగు చుక్కల లైట్లుంటాయి. ఒక్కటే మిగిలింది, అదీ కొట్టుకుంటోంది. అది ఆరిపోయిందంటే మా ఆయన ఎలా చనిపోయాడో చెప్పే సాక్ష్యం పోతుంది. ఛార్జర్ పెడదామని హెడ్డు గారు అంటున్నారు. వద్దు. ఛార్జర్ గుచ్చినప్పుడు ఆ పవర్ బ్యాంకు ఒక్క క్షణం కరెంటు ఆపుతుంది. ఇంట్లో ఒకసారి నేనలాగే గుచ్చి, ఆయన పొద్దుటినుంచీ కట్టిన పాటంతా పోగొట్టాను. ఆ పూట అన్నం తినలేదు ఆయన. దాచకుండా కరెంటు పోతే అందులో ఏమీ మిగలదు.

మా ఆయన రాక్ పాటలు పాడతాడు. ఒక్కడే. ముందు నలుగురి బ్యాండు ఉండేది. డ్రమ్ములు వాయించే పాల్ ఉద్యోగమని హైదరాబాదు పోయాడు, మిగతా ఇద్దరూ పెళ్లిళ్లు చేసుకుని మానేశారు. “అందరూ మానేస్తే నేనూ మానెయ్యాలా? నలుగురి పనీ నేనే చేస్తా” అని ఈ పెట్టె కొన్నాడు.

స్టేజి ఎక్కగానే చెప్పులు విప్పేస్తాడు. మీటలు పాదానికి తెలియాలంటాడు. ముందు మైకులో నోటితోనే డ్రమ్ము కొడతాడు, కాలితో మీట తొక్కుతాడు. తొక్కిన దగ్గర్నుంచి మళ్లీ తొక్కేదాకా మైకు ఏం వింటే అది పెట్టె తిప్పి తిప్పి వినిపిస్తూనే ఉంటుంది. దాని మీద మళ్లీ నోటితోనే బేసు. ఆ పైన తన గొంతే ఒకసారి, ఇంకోసారి. ఒక్కో పొర ఒక్క చుట్టే పడుతుంది, తర్వాత రికార్డింగు దానంతటదే ఆగేట్టు పెట్టుకున్నాడు. ఇక గిటారు మెడలో వేసుకుని, వాయిస్తూనే ఆఖరి గొంతు కలుపుతాడు. వెనక ఇంకెవరో ఉన్నారేమోనని జనం తెర వైపు చూస్తారు. గిటారు మాత్రం పెట్టెలోకి పోదు. దాని చప్పుడు పెంచే యాంప్ వేరు, ఆ యాంప్ ప్లగ్గు వేరు. ఈ ముక్క ముఖ్యం, వదిలెయ్యకండి.

ఇంకో అలవాటు కూడా చెప్పాలి. పెట్టె తిరుగుతుండగా ఆయన కింద కూర్చుని దాని నాబులు తిప్పుతాడు. ఒక్కోసారి గిటారు గుండెల మీద పెట్టుకుని వెల్లకిలా పడుకుంటాడు. జనం ఈలలు వేస్తారు. మా అత్తగారు శౌరమ్మ గారైతే “పడుకుని పాడే పాటేంట్రా, జ్వరమొచ్చినట్టు!” అంటారు.

ఈ రోజు కొండపల్లి వైపు ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లి రిసెప్షన్. మధ్యాహ్నం భోజనాల వేళకు పాట. పన్నెండింటికి ఆయన అన్నీ తగిలించి చూసుకుంటుంటే, చెయ్యి గిటారు తీగల మీద ఉండగా పెదవి మైకుకు తగిలి చురుక్కుమంది. హాలు మేనేజరు ధనుంజయ్ గారిని పిలిచాడు.

“అన్నా, నా యాంప్ పెట్టిన మీ సాకెట్‌లో ఎర్త్ సరిగా లేదు. జివ్వున కొడతంది. ఇంకో లైను ఇప్పించన్నా.”

“రోజూ ఫంక్షన్లు జరుగుతానే ఉన్నాయిగా! ఎవరికీ కొట్టని కరెంటు నీకే కొట్టిద్దా? తాగొచ్చావా ఏంటి?”

నాకు ఒళ్లు మండింది. “మాట తిన్నగా రానివ్వండి, ఆయన టీ తప్ప ఏదీ ముట్టడు” అన్నాను. మా ఆయన నా చెయ్యి పట్టుకుని, “ఊరుకో శాలినీ, పెళ్లోళ్ల ముందు గొడవెందుకు” అన్నాడు. మైకుకు నల్ల స్పాంజి టోపీ తొడిగాడు. అది ఉంటే పెదవికి ఇనుము తగలదు. మొదటి మూడు పాటలూ అలాగే పాడాడు, ఏమీ కాలేదు.

ఒకటిన్నర దాటాక వీడియో అతను స్టేజి ఎక్కాడు. “అన్నా, ఆ నల్లబంతి తీసెయ్, మొహం సగం కనపట్టంలా. రేపు వీడియో చూసి నన్ను తిడతారు” అన్నాడు. పెళ్లిలో వీడియో అతను చెప్తే పెళ్లికొడుకే లేచి నిలబడతాడు, పాటగాడెంత. నేను భోజనాల బల్ల దగ్గరున్నాను. అక్కణ్ణుంచే వద్దని చెయ్యి ఊపాను. చూశాడు. ఏం కాదులే అన్నట్టు నాకు కన్ను కొట్టి, స్పాంజి తీసి జేబులో వేసుకున్నాడు. పూల అలంకారం వాళ్లు నీళ్లు చల్లడంతో స్టేజి మీద తివాచీ తడిసి ఉంది. ఆయనవి వట్టి పాదాలు.

ఆ పాట ఆయన సొంతం. కాలవకు నీళ్లు వదిలిన రోజు మీద కట్టాడు. డ్రమ్ము వేశాడు, బేసు వేశాడు, రెండు గొంతులు వేశాడు. గిటారు మెడలో వేసుకుని మీట తొక్కి, ఆఖరి గొంతు కోసం మైకు మీదికి వంగాడు. స్పీకర్లో గుర్రుమని ఒక చప్పుడు వచ్చింది. వెంటనే ‘శాలినీ’ అన్నాడు. ఒక్కసారే. మోకాళ్ల మీదికి జారాడు, అలాగే వెల్లకిలా పడుకున్నాడు.

పాట ఆగలేదు మేడమ్. డ్రమ్ము కొడుతూనే ఉంది, బేసు వస్తూనే ఉంది, ఆయన గొంతులు పాడుతూనే ఉన్నాయి. చుట్టు తిరిగినప్పుడల్లా గుర్రుమని చప్పుడు, ‘శాలినీ’ అని పిలుపు. ఇంకెవరైనా పడిపోతే పాట ఆగుతుంది, పాట ఆగితే జనం లేచి చూస్తారు. ఈయన పడితే ఆగడానికి ఏముంది? జనం ఈల వేశారు. నా పక్కన పెళ్లికొడుకు మేనత్త మాణిక్యమ్మ గారు కూర్చున్నారు. “ఏమ్మాయ్, నిన్నేగా పిలిచేది? మొగుడంటే అట్టా ఉండాలి. మా ఆయనకి అసలు నా పేరు గుర్తుందో లేదో!” అని నా భుజం పొడిచారు. బల్ల చుట్టూ నవ్వారు. నాకు సిగ్గేసింది. ఇంతమందిలో నా పేరు పాటలో పెట్టాడనుకున్నాను. పెళ్లయి తొమ్మిదేళ్లలో ఏ పాటలోనూ పెట్టలేదు. తల దించుకుని నవ్వుకుంటూ చప్పట్లు కొట్టాను. అది కూడా రాయండి. ఆయన పిలుస్తుంటే నేను చప్పట్లు కొట్టాను.

ఎంతసేపని అడుగుతున్నారు. నాకు తెలియదు. సంతోషంగా ఉన్నదాన్ని, గడియారం చూస్తానా?

ఆయన కాలి బొటనవేలు చూసి నాకు అనుమానం వచ్చింది. మా ఆయన బొటనవేలు నిద్రలో కూడా తాళం వేస్తుంది. దుప్పటి కదిలి నిద్ర పట్టక నేను తన్నేదాన్ని. అంత పాట మోగుతుంటే ఆ వేలు కదలడం లేదు. పరుగెత్తాను. గిటారు మీద చెయ్యి వేయగానే విసిరి కొట్టింది. గోడ దగ్గరికి పోయి యాంప్ తీగ పట్టుకుని ప్లగ్గు ఊడేదాకా లాగాను. వెనక్కి వచ్చి ఛాతీ మీద నొక్కాను, ల్యాబులో మాకు నేర్పారు. స్పీకర్లు జనరేటర్ మీదున్నాయి, అవి ఆగలేదు. నేను గుండె నొక్కుతుంటే పైనుంచి ‘శాలినీ’. “ఇక్కడే ఉన్నానండీ, ఇక్కడే ఉన్నాను” అంటూనే నొక్కాను. మళ్లీ ‘శాలినీ’. ఎవరైనా ఆపండయ్యా అని అరిచాను. సౌండ్ అతను మిక్సర్ మూసేశాడు. మూగబోయింది స్పీకర్లే, పెట్టె తిరుగుతూనే ఉంది.

108 వచ్చింది. మైకు తీగా స్పీకర్ తీగా ఊడదీసి, పెట్టెనూ పవర్ బ్యాంకునూ అలాగే ఒళ్లో పెట్టుకుని నేనూ ఎక్కాను. ఆసుపత్రిలో రెండూ నలభైకి లేడన్నారు. బట్టలు ఒక కవర్లో వేసి ఇచ్చారు. ఇంకో కవరు ఇదిగో నా కుర్చీ కింద ఉంది. అందులో రెండు బిర్యానీలు. పాడేముందు ఆయన తినడు, అందుకని పాటకు ముందే ఇద్దరికీ పార్శిల్ కట్టించి పెట్టాను. అక్కణ్ణుంచి ఇక్కడిదాకా ఎందుకు మోసుకొచ్చానో తెలియదు. నూనె కారుతోంది. బయట పెట్టించండి మేడమ్, పారెయ్యకండి.

ధనుంజయ్ గారు ఆసుపత్రికి వచ్చారు. “తాగున్నాడమ్మా, గుండె ఆగింది. అట్టా రాయిస్తే కొయ్యకుండా బాడీ ఇప్పిస్తా. రేపే మట్టి చేసుకోవచ్చు” అన్నారు. మా అత్తగారు సరేనని తలూపారు. కొడుకును కోస్తారంటే ఏ తల్లి ఓర్చుకుంటుంది? నేను ఒప్పుకోలేదు. ఆయన్ను తాగుబోతును చేసి పంపించను. రేపు పోస్టుమార్టం జరగాలి, ఆ సాకెట్ చూడాలి, ఈ పెట్టె వినాలి. కరెంటు గుర్రుమన్నదీ, ఆ వెంటనే ఆయన పిలిచిందీ ఇందులోనే ఉన్నాయి.

కేసు ప్రాపర్టీ అమ్మా, రేపు పోలీసు ఫోరెన్సిక్ ల్యాబు వాళ్లు వచ్చేదాకా ఎవరం ముట్టుకోకూడదు అని మేడమ్ అన్నారు. “రేపటిదాకా ఎక్కడుంటది మేడమ్? మీ రూలు మిగులుద్ది, మా ఆయన మిగలడు” అని నేను గట్టిగానే అరిచాను. దానికి ఏమీ అనుకోవద్దు. మేడమ్ బయటికి పోయి సీఐ గారితో ఫోన్‌లో మాట్లాడి వచ్చారు. “సాక్షులుగా ఇద్దరు మధ్యవర్తుల్ని కూర్చోబెడతా, వీడియో తీయిస్తా. నీ చేత్తోనే చెయ్యమ్మా. ఏం నొక్కావో నేను రాసుకుంటా” అన్నారు.

ఇప్పుడు చేసింది చేసినట్టు చెప్తున్నాను. ఆ పెట్టె నడుస్తున్న పాటను దాచుకోదు. ముందు ఆపాలి, ఆ తర్వాత దాచే మీట నొక్కాలి. దాని చుట్టూ ఎర్ర వెలుగు తిరుగుతోంది. వెలుగు పైకొచ్చిన ప్రతిసారీ ఆయన నన్ను పిలుస్తున్నట్టే. స్పీకర్ లేదు కాబట్టి మీకెవరికీ వినపడలేదు. నేను ఈ సంగతులన్నీ చెప్తున్నంతసేపూ మీ బల్ల మీద పిలుస్తూనే ఉన్నాడు. వేలు పెట్టాను. చుట్టు పూర్తయింది, నొక్కలేకపోయాను. ఇంకో చుట్టు కూడా వదిలేశాను. “చుక్క ఆరిపోద్దమ్మా, నొక్కు” అని మేడమ్ నా భుజం మీద చెయ్యి వేశారు. పిలుపు దాటనిచ్చి నొక్కాను. వెలుగు ఆగింది. దాచే మీట నొక్కి పట్టుకున్నాను. దాచినట్టు పెట్టె మీద అంకె పడింది. మధ్యాహ్నం నుంచి పిలుస్తున్న మనిషిని నేనే ఆపాను.

నాకు తెలిసింది ఇంతే. ఇందులో అబద్ధం లేదు, ఎవరో చెప్పమంటే చెప్పిందీ లేదు. రైటర్ గారు మొత్తం చదివి వినిపించారు. ఒక్కచోట దిద్దించాను. ‘మృతుడు కేక వేసెను’ అని రాశారు. అది కేక కాదు. నన్ను పిలిచాడు. అలా మార్చాకే సంతకం చేస్తున్నాను.

(సం.) నక్కా శాలిని